సూర్యుడక్కరలేని నగరం, సూర్యుడి పేరున్న ఊరు

శంషాబాద్ అన్న పేరులో రెండు భాషలు కలిసి ఉన్నాయి. ‘షమ్స్’ అంటే అరబ్బీలో సూర్యుడు. ‘ఆబాద్’ అంటే పారశీకంలో జనం నిలిచి కాపురముండే చోటు. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే జాతీయ రహదారి మీద, రంగారెడ్డి జిల్లాలో ఉన్న ఈ ఊరు దక్కనులో ఇటువంటి పేర్లు గల అనేక ఊళ్లలో ఒకటిగానే చాలాకాలం ఉండి, 2008 మార్చిలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం తెరుచుకున్న తరువాత దేశమంతటికీ తెలిసింది. ఆ పిమ్మట తొమ్మిదిన్నరేళ్లకు, 2017 అక్టోబరు 10న, ఈ పేరు క్రైస్తవ సంఘ చరిత్రలోకి కూడా ఎక్కింది. కేరళ మూలాలు గల సీరో మలబారు కతోలిక సంఘం కోసం పోప్ ఫ్రాన్సిస్ శంషాబాద్ పేరుతో ఒక కొత్త మేత్రాసనాన్ని, అంటే ఒక పీఠాధిపతి పాలనలో ఉండే మతపరమైన మండలాన్ని, నెలకొల్పారు. దేశంలో ఆ సంఘానికి అప్పటికి ఏ మేత్రాసనం కిందికీ రాని ప్రాంతమంతా, అంటే కొన్ని రాష్ట్రాలు మినహా దాదాపు భారతదేశమంతా, దీని పరిధిలోకి వచ్చింది.

ఊరి పేరు మండల కేంద్రానిది, ఎల్లలు ఉపఖండానివి, ప్రజలు బతుకుతెరువు కోసం సొంతగడ్డ విడిచి వచ్చినవారు. ఈ మూడింటి పొత్తు పాలనాపరమైన సర్దుబాటుగా మాత్రమే కనిపించవచ్చు. కాని బైబిలులో పరలోక నగరం అనే భావన పుట్టి పెరిగిన తీరు తెలిసినవారికి ఇందులో చాలా పాత కథ ఒకటి వినిపిస్తుంది. ఆ నగరాన్ని ఊహించినవారు నగరాలు కట్టిన రాజులు కారు. ఊరు పోగొట్టుకున్నవారు గీసుకున్న ఊరు అది.

యెహెజ్కేలు ప్రవక్త సంగతే చూస్తే, ఆయన యాజక కుటుంబంలో పుట్టి, క్రీ.పూ. 597లో బబులోను సైన్యం చెరపట్టి తీసుకుపోయినవారితో కలిసి పరదేశం చేరినవాడు. తన గ్రంథం 40వ అధ్యాయం మొదలుకొని ఆయన వర్ణించిన ఆలయమూ నగరమూ చెరలో 25వ ఏట కలిగిన దర్శనంగా చెప్పుకున్నవి. అప్పటికి అసలు యెరూషలేము కూలిపోయి పద్నాలుగేళ్లయింది. ఆ దర్శనంలో ఒకడు కొలకర్రా నూలు దారమూ పట్టుకొని గోడలు, గడపలు, గదులు వరుసగా కొలుస్తూ పోతాడు. ఆ కొలతల జాబితా చదువరికి విసుగు పుట్టించే మాట నిజమే. అయితే కళ్లెదుట లేని ఇంటిని మూర మూర చొప్పున జ్ఞాపకంలో నిలుపుకోవలసిన అవసరం ఎవరికి ఉంటుందో ఆలోచిస్తే ఆ విసుగు విసుగుగా మిగలదు. ఆ నగరానికి పన్నెండు గోత్రాల పేర పన్నెండు ద్వారాలు, చివరి వాక్యంలో ఒక కొత్త పేరు: యెహోవా షమ్మా, అంటే ప్రభువు అక్కడ ఉన్నాడని అర్థం. ఈ పేరు ఇరవయ్యో శతాబ్దంలో మద్రాసులో మళ్లీ వినిపించిన వైనం ముందు వస్తుంది.

యెహెజ్కేలు తరువాత ఆరున్నర శతాబ్దాలకు అదే విషాదం మరోసారి జరిగింది. క్రీ.శ. 70లో రోమను సేనాని తీతు యెరూషలేమును ముట్టడించి ఆలయాన్ని కాల్చివేశాడు. అది మళ్లీ లేవలేదు. ప్రొటెస్టెంటు తెలుగు బైబిలులో ప్రకటన గ్రంథమనీ, కతోలికుల అనువాదంలో దర్శన గ్రంథమనీ పిలిచే చివరి పుస్తకం ఈ విధ్వంసం తరువాత, సంప్రదాయం ప్రకారం డొమీషియన్ చక్రవర్తి కాలంలో, పత్మాసు ద్వీపంలో ప్రవాసిగా ఉన్న యోహాను రాసినది. దాని చివరి రెండు అధ్యాయాల్లో ఆకాశం నుంచి దిగివచ్చే కొత్త యెరూషలేము కనిపిస్తుంది. ఎక్కవలసిన నగరం కాదిది, దిగివచ్చే నగరం. ఈ తేడాను చాలామంది బోధకులు దాటేసి పోతారు. మనిషి చనిపోయి పైకి చేరే లోకాన్ని గురించి కాక, పైనున్నది కిందికి వచ్చి మనుషుల నడుమ నిలవడాన్ని గురించి ఆ అధ్యాయాలు మాట్లాడతాయి.

ఆ నగరం పొడవు, వెడల్పు, ఎత్తు సమానం. ప్రతి పక్కా పన్నెండు వేల స్టేడియాలు, అంటే సుమారు 2200 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఆకాశమార్గాన ఉన్న దూరం సుమారు 1250 కిలోమీటర్లే. ఇది కట్టడం కొలత కాదని, సంఖ్యతో చెప్పిన మాట అని గ్రహించడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. ఇశ్రాయేలు గోత్రాలు పన్నెండు, అపొస్తలులు పన్నెండు మంది; లెక్కకు మించిన జనాన్ని వెయ్యితో సూచించడం ఆనాటి అలవాటు; గోడ కొలత 144 మూరలు, అనగా పన్నెండు పన్నెండ్లు. పొడవూ వెడల్పూ ఎత్తూ సమానమైన ఘనాకారం కూడా పూర్వజ్ఞాపకమే: సొలొమోను ఆలయంలో ప్రధాన యాజకుడు ఏడాదికి ఒక్కసారి మాత్రమే అడుగుపెట్టే అతిపరిశుద్ధ స్థలం ఇరవై మూరల ఘనం. అంత ఇరుకైన, అందరికీ నిషిద్ధమైన గది నగరమంత పెరిగి, దాని ద్వారాలు ఎన్నడూ మూయబడవని చెప్పడమే ఆ వర్ణనలోని సాహసం. అందుకే ఆ నగరంలో విడిగా ఆలయం లేదు. ఊరంతా గర్భగుడి అయినప్పుడు గుడి ఎక్కడ కడతారు?

తెలుగులోకి వచ్చేసరికి ఈ సంఖ్యల ఆట కొంత చెదిరింది. బహుళ ప్రచారంలో ఉన్న పాత తెలుగు బైబిలు పన్నెండు వేల స్టేడియాలను పాఠకుడికి తెలిసిన కోసులలోకి మార్చి ఏడు వందల యాభై అని లెక్క తేల్చింది. లెక్క తప్పు కాదు. పన్నెండు మాత్రం మాయమైంది. గోడ దగ్గర మూరలు అలాగే ఉండటంతో 144 నిలిచింది. అనువాదకులు దూరాన్ని కాపాడబోయి అర్థాన్ని జారవిడిచిన చోటు ఇది. ‘పట్టణము’ అన్న మాట ఎంపిక మాత్రం బాగుంది. ఇప్పటి వాడుకలో పట్టణం నగరం కన్నా చిన్నది. కాని మచిలీపట్టణం, విశాఖపట్టణం, చెన్నపట్టణం అన్న పేర్లు పుట్టిన కాలంలో అది నాలుగు దిక్కుల సరుకూ నానాదేశాల మనుషులూ చేరే చోటు. పాత తెలుగులో ‘నగరు’ అంటే రాజుగారి ఇల్లు కూడా. రాజులు తమ వైభవాన్ని మోసుకొని నాలుగు దిక్కుల ద్వారాల గుండా వచ్చే ఊరికి నగరు కన్నా పట్టణమే తగిన పేరు.

ఆ పట్టణపు గోడకు పన్నెండు పునాదులు, పన్నెండు రత్నాలు. తెలుగు పాఠంలో సూర్యకాంతం, నీలం, పచ్చ, వైడూర్యం, కెంపు, గోమేధికం, పుష్యరాగం, పద్మరాగం వంటి పేర్లు వరుసగా వస్తాయి. నవరత్నాల పేర్లు చిన్ననాటి నుంచీ విన్న చెవికి ఇవి పరాయివిగా తోచవు. కొదవ ఒక్కటే: ఆ జాబితాలో వజ్రం లేదు. శంషాబాద్‌కు ఎంతో దూరం లేని గోల్కొండ పేరు ప్రపంచమంతటా మోగినది వజ్రాల వల్లనే. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన రాళ్లు గోల్కొండ బజారులో చేతులు మారాయి. పద్దెనిమిదో శతాబ్దంలో బ్రెజిలు గనులు బయటపడేదాకా లోకానికి వజ్రాలు ప్రధానంగా ఈ దేశం నుంచే వెళ్లాయి. యోహాను పునాదుల్లో వజ్రానికి చోటు లేకపోయినా ద్వారాల్లో ముత్యానికి ఉంది: పన్నెండు ద్వారాలూ పన్నెండు ముత్యాలు, ఒక్కో ద్వారం ఒక్కో ముత్యంతో చేసినది. పత్తర్‌గట్టి దుకాణాల్లో ముత్యాలు దండకట్టడం చూసిన హైదరాబాదీకి ఆ ఊహ ఎంత అసాధ్యమో, ఎంత ఖరీదైనదో వేరే చెప్పనక్కరలేదు. రత్నాలు భూమిని తవ్వితే వస్తాయి. ముత్యం ప్రాణి గాయం నుంచి వస్తుంది. ఆ నగరంలోకి దారి ముత్యం గుండా ఉండటాన్ని క్రైస్తవ బోధకులు తరచు ఈ విధంగానే వివరిస్తారు; మూలంలో ఆ వివరణ లేదు, కాని పొసగని వివరణ మాత్రం కాదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. శంషాబాద్ పేరు పెట్టుకున్న సంఘానికి ఈ రత్నాల నగరం మొదటి నుంచీ సొంతం కాదు. సీరో మలబారు సంఘం అపొస్తలుడైన తోమా నుంచి తమ విశ్వాసం వచ్చిందని నమ్మే కేరళ క్రైస్తవులది. వారి ఆరాధన పద్ధతి పారశీక సామ్రాజ్యంలో వర్ధిల్లిన తూర్పు సిరియా సంఘం నుంచి వచ్చినది. సిరియాకు అనేది యేసు మాట్లాడిన అరమేయికు భాష శాఖల్లో ఒకటి. ఆ భాషలోని ప్రామాణిక బైబిలు అనువాదం పేరు పెషిత్తా. ఆ పెషిత్తాలోని కొత్త నిబంధనలో ఉన్నవి 27 పుస్తకాలు కావు, 22 మాత్రమే. లేని ఐదింటిలో ప్రకటన గ్రంథం ఒకటి. రోము సంఘంతో ఐక్యమైన తరువాత పూర్తి బైబిలు వారికి కూడా ప్రామాణికమైంది గాని, శతాబ్దాల పాటు ఆ ఆరాధన రూపు దిద్దుకున్నది మాత్రం పన్నెండు ద్వారాల నగరాన్ని చదవకుండానే.

చదవనంత మాత్రాన వారికి పరలోక నగరం లేకపోలేదు. అది వేరే దారిలో వచ్చింది. హెబ్రీయులకు రాసిన లేఖలో అబ్రాహాము గుడారాల్లో కాపురముంటూ, పునాదులు గల ఒక నగరం కోసం ఎదురుచూశాడని ఉంది. అదే లేఖ పన్నెండో అధ్యాయం విశ్వాసులు ఇప్పటికే సీయోను కొండకూ పరలోకపు యెరూషలేముకూ, వేల కొలది దేవదూతల సమాజానికీ వచ్చి ఉన్నారని చెబుతుంది. పదమూడో అధ్యాయం ఇక్కడ మనకు నిలువరమైన నగరం లేదని తేల్చేస్తుంది. యోహాను భవిష్యత్తులో చూసినదాన్ని ఈ లేఖ వర్తమానంలోకి తెచ్చింది. ఆరాధనకు కూడుకోవడమే ఆ నగరంలో అడుగుపెట్టడం అన్నమాట. తూర్పు సిరియా సంఘం ఈ మాటను పట్టుకొని, దాన్ని పుస్తకంలో కాక కట్టడంలో రాసుకుంది.

ఆ సంప్రదాయంలో ఆలయం మూడు భాగాలు. తూర్పు కొసన కొంత ఎత్తుగా, తెర వెనుక ఉండే బలిపీఠ స్థలం ‘మద్బహా’, అది పరలోకం. జనం నిలిచే పెద్ద హాలు ‘హైక్లా’; అది భూలోకం. హాలు నడిమధ్యన, కంచె కట్టిన ఎత్తైన అరుగు మీద లేఖనాలు చదివే చోటు ‘బేమా’, అది యెరూషలేము. బేమా మీద సిలువ, సువార్త గ్రంథం ఉంచుతారు కనుక అందులోనే గొల్గొతా కొండ కూడా ఇమిడి ఉంది. బేమా నుంచి మద్బహా వరకు సన్నని దారి ఒకటి ఉంటుంది. దాని పేరు ‘ష్ఖాఖోనా’. ఏడో శతాబ్దంలో గాబ్రియేలు ఖత్రాయా వంటి వ్యాఖ్యాతలు ఈ కట్టడాన్ని వాక్యం వాక్యంగా చదివినట్టు వివరించారు. లేఖనాలు చదువుతున్నంతసేపు అర్చకులు భూలోకపు యెరూషలేములో ఉంటారు; బలి అర్పించే వేళ ఆ సన్నని దారిన నడిచి తెర దాటి పైలోకానికి వెళతారు. దూతలతో కలిసి పాడే స్తోత్రం అక్కడిది. అంటే కింది యెరూషలేముకూ పై యెరూషలేముకూ మధ్య దూరం కొన్ని అడుగులు. ఆ దూరాన్ని ప్రతి ఆరాధనలోనూ కాళ్లతో కొలుస్తారు. పన్నెండు వేల స్టేడియాల గణితం అక్కరలేకుండానే ఒక సామాన్యుడికి పరలోక నగరం ఎక్కడుందో వేలు పెట్టి చూపగల పద్ధతి ఇది, బహుశా ప్రకటన గ్రంథపు రత్నాల కన్నా సూటిగా.

కేరళలోని నేటి ఆలయాల్లో నడిమధ్యన బేమా ఉండటం అరుదు. లాటిను, అంటే రోము ఆరాధన పద్ధతి, ప్రభావం వల్ల ఆ అమరిక పోయి, ఇటీవల తిరిగి వస్తున్న చోట్ల కూడా సాధారణంగా మద్బహా మెట్ల ముందే దాన్ని ఉంచుతున్నారు. తూర్పు ముఖంగా ప్రార్థించడం గురించిన వివాదమూ ఈ ప్రతీకకు సంబంధించినదే. ఆరాధనలో మొదటి సగం జనం వైపు తిరిగి, బలి భాగంలో బలిపీఠం వైపు తిరిగి జరపాలని 2021లో ఆ సంఘపు సినడు, అనగా పీఠాధిపతుల సభ, నిర్ణయించినప్పుడు ఎర్నాకుళం అంగమాలి మహామేత్రాసనంలో పెద్ద అలజడి రేగింది. బయటివారికి అది అర్చకుడు ఎటు తిరగాలన్న చిన్న తగవుగా కనిపించింది. నగరం తూర్పు నుంచి వస్తుందని నమ్మేవారికి, నగరం కూడిన జనంలోనే ఉందని నమ్మేవారికి మధ్య తగవు చిన్నది కాదు.

ఈ సంఘం శంషాబాద్ చేరిన దారి కూడా ద్వారాల కథే. పూర్వం పారశీక సంఘం మలబారుకు పంపిన ప్రధాన పీఠాధిపతి బిరుదు ‘సమస్త హిందూదేశపు మెట్రోపాలిటన్, ద్వారము’. కొడుంగల్లూరు తీరాన ఉండేవాడికి దేశమంతటి ద్వారమన్న బిరుదు ఏమిటని ఆశ్చర్యం కలగవచ్చు. అధికార పరిధి నేల మీద ఎంతున్నా, ఊహలో అది దేశమంతటిది. 1599లో పోర్చుగీసుల చొరవతో జరిగిన ఉదయంపేరూరు సినడు తరువాత ఈ సంఘం లాటిను పీఠాధిపతుల పాలనలోకి వెళ్లింది. ఆ పిమ్మట చాలాకాలం వారి పరిధి పంపా నదికీ భారతపుళకూ మధ్య నేలకే పరిమితమైంది. 1923లో వారికి సొంత పీఠాల వ్యవస్థ తిరిగి వచ్చింది. 1955లో ఆ నదుల ఎల్లలు సడలాయి. 1962లో మహారాష్ట్రలోని చాందాలో మిషను మొదలై, దానిలోని తెలుగు ప్రాంతంతో 1999లో ఆదిలాబాద్ మేత్రాసనం ఏర్పడింది. ఇంతలో నర్సులు, ఉపాధ్యాయులు, గుమాస్తాలు, ఇంజనీర్లు అయిన మలయాళీ కుటుంబాలు నదులనూ ఎల్లలనూ పట్టించుకోకుండా దేశమంతటా స్థిరపడ్డాయి.

అందువల్ల 2017 అక్టోబరు 9 తేదీతో పోప్ ఫ్రాన్సిస్ భారత పీఠాధిపతులకు రాసిన లేఖ కొత్తగా దేశాన్ని ఇచ్చింది అనడం కన్నా, పాత ద్వారాన్ని మళ్లీ తెరిచింది అనడం సబబు. దేశమంతటా ఆ సంఘానికి పాలనాధికారం ఉంటుందని చెప్పిన ఆ నిర్ణయానికి ఆకారమే శంషాబాద్ మేత్రాసనం. దానితోపాటు తమిళనాడులో హోసూరు మేత్రాసనం కూడా ఏర్పడింది. తొలి పీఠాధిపతి మార్ రాఫెల్ తట్టిల్ అంతకుముందు త్రిశూరులో సహాయ పీఠాధిపతిగా ఉంటూనే, సొంత మేత్రాసనాలకు బయట నివసించే ఈ సంఘస్తులను పోప్ తరఫున సందర్శించి యోగక్షేమాలు విచారించే బాధ్యత మోసినవారు. హైదరాబాద్ పేరుతో లాటిను పీఠం 1886 నుంచే ఉంది, 1953లో అది అగ్రపీఠమైంది. ఒకే మహానగరంలో రెండు కతోలిక పీఠాలుండగా, కొత్తదానికి నగరం పేరు కాక విమానాశ్రయం ఉన్న ఊరి పేరు దక్కింది.

పాలనా పదాల పుట్టుక చూస్తే ఈ చరిత్రకు మరో పొర కనిపిస్తుంది. తూర్పు సంఘాలు మేత్రాసనాన్ని ‘ఎపార్కీ’ అంటాయి. అది గ్రీకులో రోమను సామ్రాజ్యపు రాష్ట్రానికి పేరు. పాశ్చాత్యుల ‘డయోసీస్’ కూడా రోమను పాలనా విభాగమే. పై రెండూ సామ్రాజ్యం నుంచి అరువు తెచ్చుకున్నవి. పారిష్ అన్న కింది పదం మాత్రం సామ్రాజ్యానికి పరాయిది. దాని మూలం గ్రీకు ‘పారోయికియా’: సొంత పౌరసత్వం లేని ఊళ్లో పరదేశిగా బస చేయడం అని అర్థం. పేతురు మొదటి లేఖ విశ్వాసులను ఈ పదంతోనే పిలుస్తుంది, సుమారు క్రీ.శ. 96లో రోము సంఘం నుంచి కొరింథు సంఘానికి వెళ్లిన లేఖ రెండు ఊళ్లలోని సంఘాలనూ అక్కడ పరదేశులుగా బస చేస్తున్నవిగానే సంబోధిస్తుంది. ఊళ్లో ఉన్న ప్రతి ఆలయపు పరిధీ, పదం ప్రకారం, ఒక సత్రమే. తెలుగు కతోలికులు పారిష్‌ను ‘విచారణ’ అంటారు; యోగక్షేమాలు విచారించడం అన్న చక్కని అర్థం అందులో ఉంది గాని పరదేశితనం పోయింది. పోయిన ఆ అర్థం శంషాబాద్ మేత్రాసనంలో మాట రూపంలో కాక మనుషుల రూపంలో తిరిగి వచ్చింది: ఒక ‘ఆబాద్’ పేరు మీద, ఎక్కడా పూర్తిగా ఆబాదు కాని జనం.

తెలుగు ప్రొటెస్టెంటు సంఘాల్లో ఈ నగరం మరో విధంగా పాతుకుంది; ఇక్కడ ప్రకటన గ్రంథానిదే రాజ్యం. పల్లె పల్లెనా సీయోను పేరిట ప్రార్థనా మందిరాలున్నాయి; సమాధుల మీద పరలోక పట్టణపు ప్రస్తావన సర్వసాధారణం. ఊరి బయట వాడల్లో బతికినవారికి, ద్వారాలు మూయని ఊరు ఒకటుందన్న మాట కేవలం వేదాంతంగా వినిపించి ఉండదు. పేర్ల విషయంలో అందరికన్నా నిశితంగా ఆలోచించినవారు బఖ్త్ సింగ్. పంజాబులో 1903లో జన్మించి, సిక్కు కుటుంబం నుంచి క్రైస్తవుడైన ఆయన 1941లో మద్రాసులో మొదలుపెట్టిన సహవాస కేంద్రానికి యెహోవా షమ్మా అని పేరు పెట్టారు. యెహెజ్కేలు దర్శనంలో ఆఖరి మాట అదే. హైదరాబాదులో గోల్కొండ చౌరస్తా దగ్గర తరువాత వెలిసిన ప్రధాన కేంద్రం హెబ్రోను. హెబ్రోను అబ్రాహాము గుడారం వేసుకున్న చోటు, సమాధి కోసం తప్ప మరెందుకూ నేల కొనని చోటు. ఆయన సహవాసాల్లో పాడే కీర్తనల సంపుటి పేరు సీయోను గీతములు. సీయోను గీతాలు పాడమని చెరపట్టినవారే అడిగినప్పుడు బబులోను నదుల ఒడ్డున ఏడ్చినవారి జ్ఞాపకం ఆ పేరు వెనుక ఉంది. గుడారపు చోటుకు ఒక పేరు, చివరి నగరానికి ఒక పేరు. ఈ రెండింటి మధ్య ఆయన పని సాగి, 2000 సెప్టెంబరులో హైదరాబాదులోనే ముగిసింది.

మెదక్ కెథడ్రల్ విషయం వేరు. మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ చొరవతో, కరవు రోజుల్లో ఆకలితో ఉన్నవారికి పని, తిండి కల్పిస్తూ పదేళ్ల పాటు కట్టి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ ఆలయం గోథిక్ శైలిది. ఆ శైలి పుట్టిన మధ్యయుగపు ఫ్రాన్సులో రంగు అద్దాల గుండా వచ్చే వెలుగు రత్నాల నగరానికి గుర్తు. మెదక్ అద్దాల మీద క్రీస్తు జననం, సిలువ, ఆరోహణ దృశ్యాలున్నాయి గాని నగరం లేదు. ఆ దృశ్యాలు పగటి వెలుగులోనే కనిపిస్తాయి, పొద్దు గుంకితే నల్లని పలకలు. ప్రకటన గ్రంథం చెప్పిన, సూర్యుడూ చంద్రుడూ అక్కరలేని నగరాన్ని సూచించే కట్టడం సూర్యుడు లేకపోతే గుడ్డిది కావడంలో ఉన్న వింత కట్టినవారికి తోచి ఉండదు.

ఈ నేల మీద పరలోకాన్ని ఊళ్లో దింపాలన్న కోరిక క్రైస్తవులది మాత్రమే కాదు. 1591లో, హిజ్రీ వెయ్యో సంవత్సరంలో, ముహమ్మద్ కులీ కుతుబ్ షా పునాది వేసిన హైదరాబాదును స్వర్గానికి ప్రతిరూపంగా రూపొందించారని, దాని రూపకర్త మీర్ మోమిన్ అని చెబుతారు. చార్మినార్ నడుమన నాలుగు దారులు నాలుగు దిక్కులకు చీలుతాయి. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే ఈ నగరాన్ని బాగ్‌నగర్ పేరుతో, తోటల నగరంగా, వర్ణించాడు. ఇస్లాము స్వర్గం ప్రధానంగా తోట. బైబిలు మాత్రం తోటలో మొదలై నగరంలో ముగుస్తుంది. అయితే ఆ చివరి నగరం నడివీధిలో జీవనది, ఒడ్డున నెలనెలా కాసే జీవవృక్షం ఉన్నాయి కనుక ఆదిలో పోయిన తోట అంతంలో ఊళ్లోకి వచ్చి చేరినట్టే. శంషాబాద్ మండలంలోనే ఉన్న ముచ్చింతల్‌లో 2022 ఫిబ్రవరిలో ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజ విగ్రహం చుట్టూ వైష్ణవ క్షేత్రాలైన 108 దివ్యదేశాల నమూనాలున్నాయి. ఆ 108లో 106 భూమి మీద చూడగలిగేవి, మిగిలిన రెండు, పాలకడలి, పరమపదం, ఈ లోకంలో లేనివి. లేని చోటికి కూడా జాబితాలో వరుస సంఖ్య ఇచ్చి, చూడగలిగిన క్షేత్రాల పక్కనే నిలిపే ఈ పద్ధతికీ, మద్బహాను హాలుకు కొన్ని అడుగుల దూరంలో పెట్టే పద్ధతికీ బంధుత్వం ఉంది. రెండూ పుట్టిన సిద్ధాంతాలు మాత్రం ఒకదానికొకటి తెలియనివి.

శంషాబాద్ మేత్రాసనపు విశాలత ఎక్కువ కాలం నిలవలేదు. 2024 జనవరిలో మార్ రాఫెల్ తట్టిల్ సీరో మలబారు సంఘమంతటికీ అధిపతి అయిన మేజర్ ఆర్చిబిషప్పుగా ఎన్నికై ఎర్నాకుళం వెళ్లారు. ఆ ఏడాది ఆగస్టులో ఆదిలాబాద్ పీఠాధిపతి మార్ ప్రిన్స్ ఆంటొనీ పనేంగాడన్ ఇక్కడికి నియమితులయ్యారు. 2025 ఆగస్టులో శంషాబాద్ మహామేత్రాసనంగా ఎదిగింది, అదే సమయంలో కల్యాణ్, ఉజ్జయిని, ఫరీదాబాద్ కూడా ఆ స్థాయికి వచ్చి, ఎల్లలు మళ్లీ గీయబడ్డాయి. హోదా పెరిగిన రోజే నేల తగ్గడం పాలనలో కొత్త కాదు.

ఈ సంఘం ఆరాధనలో అందరూ వెళ్లిపోయే ముందు ఒక చిన్న క్రియ ఉంది. దాన్ని చాలామంది గమనించరు. ముగింపు దీవెన అయ్యాక అర్చకుడు బలిపీఠం దగ్గరికి తిరిగి వచ్చి, దాన్ని ముద్దుపెట్టుకొని, దానితోనే మాట్లాడుతున్నట్టు వీడ్కోలు పలుకుతాడు. మరో బలి అర్పించడానికి తిరిగి వస్తానో రానో తెలియదని చెప్పి సెలవు తీసుకుంటాడు. ఆయన మళ్లీ మరునాడు ఉదయం రావచ్చు, ఏళ్ల తరబడి వస్తూనే ఉండవచ్చు. అయినా ప్రతిసారీ అదే వీడ్కోలు, కదలబోయే బాటసారి సత్రపు గడప దగ్గర చెప్పేటటువంటిది. ఆ తరువాత తెర మూస్తారు.